మంచినీళ్లు, మునిసిపాలిటీ, పన్ను: చీరాల 1921లో అడిగిన ప్రశ్న

చీరాల–పేరాల ఉద్యమం గురించి స్కూల్లో మనమందరం నాలుగు వాక్యాలు చదివాం. ఊరిని మునిసిపాలిటీ చేశారు, పన్ను పెంచారు, జనం కట్టం అన్నారు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఊరు వదిలి వెళ్లిపోయారు. పరీక్షలో ఇంత రాస్తే మార్కులు వచ్చేవి. అక్కడితో సరి.

కానీ అసలు ఆ మునిసిపాలిటీ దేనికి? ఆ పన్ను దేనికి? ఈ ప్రశ్న ఎవరూ పెద్దగా అడగరు. మునిసిపాలిటీ అంటే రోడ్లు, వీధి దీపాలు, మురుగు కాలువలు, పారిశుధ్యం, టీకాలు, మంచినీళ్లు. ఒక్క మాటలో చెప్పాలంటే జనం ఆరోగ్యం. మరి తమ ఆరోగ్యం కోసమే అని చెప్పిన ఏర్పాటును వద్దని వేలమంది ఇళ్లు వదిలి ఎందుకు పోయారు? వాళ్లకి శుభ్రత విలువ తెలియకనా? కాదు. ఈ సంగతి సరిగ్గా అర్థం చేసుకుంటే, ఈరోజు మన వీధి కుళాయి దగ్గర మనం ఏం అడగాలో కూడా అర్థమవుతుంది.

బావి నీళ్ల ఊరు

చీరాల సముద్రానికి దగ్గర్లో ఉన్న ఊరు. నేల ఇసుక నేల. వాన పడితే నీళ్లు నిలవవు, ఇసుకలోకి ఇంకిపోతాయి. అలా ఇంకిన మంచినీరు భూమి లోపల ఉప్పునీటి మీద తేలుతూ ఒక పొరలా ఉంటుంది. మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి ఇది సాధ్యం. అందుకే సముద్రం పక్కనే ఉన్నా, కొద్ది లోతు తవ్వితే చాలు, తీయటి నీళ్లు పడేవి. నల్లరేగడి పల్లెల్లో ఎండాకాలం చెరువు అడుగంటి జనం బిందెలు పట్టుకుని మైళ్లు నడిచే రోజుల్లో ఇది చిన్న అదృష్టం కాదు.

పైగా ఇది నేతగాళ్ల ఊరు. చీరాల, పేరాల, జాండ్రపేటల్లో మగ్గం లేని వీధి ఉండేది కాదు. ఇక్కడ నేసిన తేలియా రుమాళ్లు అరబ్బు దేశాల దాకా వెళ్లేవి, అక్కడ తలకి చుట్టుకునేవారు. ఆ రుమాలు నూలుని నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, ఉతికి, ఆరబెట్టి, ఆ తర్వాత రంగు వేస్తారు. అంటే నీళ్లు ఇక్కడ తాగడానికే కాదు, కూడు పెట్టే పనికి కూడా కావాలి. ఆ నీళ్లు పెరట్లో బావిలో పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి.

ఇలాంటి నేత కుటుంబం దగ్గరికి వెళ్లి, "మీ ఆరోగ్యం కోసం ఇకనుంచి పన్ను ఎక్కువ కట్టండి" అంటే ఏమంటారు? "మా బావి మాకుంది కదా" అంటారు. అది మొండితనం కాదు, వాళ్ల అనుభవం.

4 వేలు, 40 వేలు

చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట కలిపి అంతకుముందు ఒక యూనియన్‌గా ఉండేవి. యూనియన్ అంటే మునిసిపాలిటీ కంటే చిన్న స్థానిక సంస్థ. ఏడాదికి వసూలయ్యే పన్ను సుమారు 4,000 రూపాయలు. మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలను మునిసిపాలిటీగా మార్చాక ఆ భారం సుమారు 40,000 రూపాయలకు చేరింది. పదింతలు. ఊళ్లో జనాభా 15 వేలు, అందులో చాలామంది రెక్కాడితే గానీ డొక్కాడని నేతగాళ్లు.

కాలం కూడా గుర్తుంచుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసింది, ధరలు మండిపోతున్నాయి. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లూయెంజా దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. ప్రభుత్వం ఆ కష్టంలో ఏ సాయం చేసిందో జనం కళ్లారా చూశారు. అలాంటి ప్రభుత్వం వచ్చి "మీ మంచికే" అంటే నమ్మకం ఎలా కుదురుతుంది?

జనం అర్జీలు పెట్టుకున్నారు, పని కాలేదు. పన్ను కట్టడం మానేశారు. కట్టనివాళ్లని జైలుకి పంపారు, వాళ్లలో ఒక వృద్ధురాలు కూడా ఉంది. 1921 మార్చి చివర్లో విజయవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగాయి. అవి ముగిశాక ఏప్రిల్ 6న గాంధీజీ చీరాల వచ్చారు. ఆయన రెండు దారులు చూపించారు. ఒకటి, శాంతంగా పన్ను నిరాకరించి వచ్చే శిక్ష భరించడం. రెండు, మునిసిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడం. ఊళ్లో మనుషులే లేకపోతే మునిసిపాలిటీ ఎవరి మీద నడుస్తుంది?

చీరాల రెండో దారి పట్టింది. ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివి వచ్చిన గోపాలకృష్ణయ్య, ఆయన తయారు చేసిన రామదండు వాలంటీర్లు ముందు నడిచారు. 15 వేలలో సుమారు 13 వేల మంది ఇళ్లు వదిలి, హద్దు బయట పాకలు వేసుకున్నారు. దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. ఎండల్లో, వానల్లో 11 నెలలు అక్కడే ఉన్నారు. తమ వ్యవహారాలు తామే చూసుకున్నారు. ఒక ప్రసంగం కేసులో గోపాలకృష్ణయ్యకి ఏడాది జైలు శిక్ష పడింది. డబ్బు కరువై, నాయకుడు లోపలికి వెళ్లి, చివరికి జనం తిరిగి ఇళ్లకు చేరుకున్నారు. గోపాలకృష్ణయ్య 1928లో క్షయతో చనిపోయారు, అప్పటికి ఆయనకి నలభై ఏళ్లు కూడా నిండలేదు.

ఇదే గొడవ అమెరికాలో, 120 ఏళ్ల ముందు

బావి ఉండగా పన్ను ఎందుకు అన్న ప్రశ్న చీరాల ఒక్కటే అడగలేదు. అమెరికాలో అప్పట్లో పెద్ద నగరమైన ఫిలడెల్ఫియా కూడా అడిగింది.

1793లో ఆ నగరంలో పసుపు జ్వరం వచ్చింది. జనాభా సుమారు 50 వేలు, ఆ కొద్ది నెలల్లోనే దాదాపు 5 వేల మంది చనిపోయారు. పదిమందిలో ఒకరు అన్నమాట. జబ్బు దేనివల్ల వస్తుందో ఏ డాక్టరుకీ తెలీదు. బెంజమిన్ రష్ లాంటి పేరున్న వైద్యులే రోగుల నరాలు కోసి రక్తం తీసేవారు. కుళ్లు వాసన గాలిలో కలిసి జబ్బు తెస్తుందని అప్పటి నమ్మకం. కాబట్టి వీధులు కడగాలి, కడగాలంటే నీళ్లు కావాలి. ఇలా మొదలైంది అక్కడి నీటి పథకం.

ఇంజనీరు బెంజమిన్ లాట్రోబ్ ప్లాన్ గీశారు. స్కూల్‌కిల్ నది నుంచి ఆవిరి ఇంజన్లతో నీళ్లు తోడి, సెంటర్ స్క్వేర్‌లో ఎత్తుమీద పెట్టిన చెక్క ట్యాంకుల్లో నింపి, లోపల తొలిచిన చెట్ల దుంగలనే పైపులుగా పాతి ఊళ్లోకి పంపారు. 1801 జనవరిలో నీళ్లు వదిలారు. అందరూ ఎగబడి కనెక్షన్లు తీసుకున్నారా? లేదు. మొదటి ఏడాది కొద్ది పదుల ఇళ్లే చేరాయి. వీధి చివర పంపులో ఉచితంగా నీళ్లు వస్తుంటే డబ్బు కట్టడం దేనికని మిగతావాళ్లు ఊరుకున్నారు. చీరాల నేతగాడి మాటే ఫిలడెల్ఫియా గృహస్థుడూ అన్నాడు.

ఇందులో ఒక తమాషా ఉంది. పసుపు జ్వరం కుళ్లు వాసన వల్ల రాదు, దోమ వల్ల వస్తుంది. ఆ సంగతి 1900లో గానీ రుజువు కాలేదు. అది ఏ దోమ అనుకున్నారు? ఈరోజు మనకి డెంగ్యూ తెచ్చే ఈడిస్ దోమే. ఇళ్లలో పీపాల్లో, తొట్లలో నిల్వ పెట్టిన నీళ్లలో అది గుడ్లు పెడుతుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు కుళాయి నీళ్లు వస్తే పీపాలు అక్కర్లేదు, దోమకి చోటు తగ్గుతుంది. అంటే ఆ పెద్దమనుషులు తప్పుడు కారణంతో మంచి పని చేశారు. మన దగ్గర రెండు రోజులకోసారి కుళాయి వస్తే ప్రతి ఇంట్లో డ్రమ్ములు నింపి పెడతాం. ఆ డ్రమ్ములే డెంగ్యూకి పుట్టిల్లు. కాబట్టి నీళ్లు వస్తున్నాయా అన్నది సగం ప్రశ్నే. ఎంత క్రమంగా వస్తున్నాయన్నది మిగతా సగం.

న్యూయార్క్ నేర్పిన రెండు పాఠాలు

మొదటిది చేదు పాఠం. 1799లో ఆరన్ బర్ అనే రాజకీయ నాయకుడు, ఊరికి మంచినీళ్లు ఇస్తామని చెప్పి మన్‌హాటన్ కంపెనీకి ప్రభుత్వ అనుమతి సంపాదించాడు. మిగిలిన డబ్బును వేరే వ్యాపారంలో పెట్టుకోవచ్చని ఆ చట్టంలో ఒక వాక్యం దూర్చాడు. ఆ ఏడాదే కంపెనీ బ్యాంకు తెరిచింది. బ్యాంకు బాగా నడిచింది, నీళ్లు మాత్రం అరకొరే. మంచినీళ్ల పేరు చెప్పి వేరే పని చేసుకోవడం అంత పాత అలవాటు.

1832లో కలరా వచ్చినప్పుడు న్యూయార్క్‌లో 3,500 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది పేదలు. అయినా చాలామంది పెద్దలు పేదల తాగుడు, వాళ్ల మురికి, వాళ్ల అలవాట్లే కారణం అన్నారు. పేదవాడు తాగే నీళ్లలోనే విషం ఉందన్న ఆలోచన వాళ్లకి రాలేదు.

రెండోది మంచి పాఠం. దూరంగా ఉన్న క్రోటన్ నది నీళ్లు తేవాలని ప్లాన్ వేసినప్పుడు, ఖర్చు చాలా పెద్దది కాబట్టి 1835లో ఓటర్లను అడిగారు. ఓటు హక్కు అప్పట్లో ప్రధానంగా తెల్లజాతి మగవాళ్లకే ఉండేది, అది ఆ కాలపు లోపం. అయినా అడిగారు. భారీ మెజారిటీతో ఒప్పుకున్నారు. 1842లో సుమారు 66 కిలోమీటర్ల కాలువ గుండా నీళ్లు ఊరు చేరాయి. ఫిలడెల్ఫియాలో కొద్దిపాటి రుసుముకే వెనకాడిన దేశంలో, ఇంత పెద్ద ఖర్చుకి జనం ఎందుకు ఒప్పుకున్నారు? కలరా భయం ఒకటి. మా డబ్బు దేనికి పోతుందో మాకు తెలుసు, ఒప్పుకున్నది మేమే అన్న నమ్మకం రెండోది.

చీరాలలో జరగనిది ఈ రెండోదే.

మరి బావి నీళ్లు నిజంగా మంచివేనా?

ఇక్కడ న్యాయంగా మాట్లాడుకోవాలి. పన్ను విషయంలో జనం మాటే సబబు. కానీ "మా బావి నీళ్లు తీయగా ఉన్నాయి కాబట్టి ఏ భయమూ లేదు" అన్నది మాత్రం పూర్తి నిజం కాదు.

1854లో లండన్‌లో బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్లు రుచిగా ఉంటాయని పేరు. ఆ వీధి వదిలి దూరంగా వెళ్లిపోయిన ఒక పెద్దావిడ, రుచి మరిచిపోలేక ఆ నీళ్లే ప్రత్యేకంగా తెప్పించుకుని తాగేది. కలరాతో చనిపోయింది. ఆ పంపు పక్కన మురుగు గుంట నుంచి మలం బావిలోకి ఊరుతోంది. డాక్టర్ జాన్ స్నో ఏ ఇంట్లో ఎవరు చనిపోయారో లెక్క తీసి, కలరా గాలివల్ల కాదు నీళ్లవల్ల అని చూపించారు. ఆ క్రిమి కలరా తెస్తుందని 1884లో రాబర్ట్ కోహ్ మన కలకత్తాలోనే నిర్ధారించారు. క్రిమికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు.

ఇసుక నేల నీటిని వడకడుతుంది, నిజమే. చెత్త, మట్టి, కొంతవరకు క్రిములు కూడా పైనే ఆగిపోతాయి. అయితే ఇసుకలో నీళ్లు వేగంగా ఇంకుతాయి కాబట్టి, పక్కనే మరుగుదొడ్డి గుంట ఉంటే అందులోది కూడా అంతే వేగంగా కిందికి దిగుతుంది. ఇళ్లు దూరం దూరంగా ఉన్నప్పుడు బావికి, గుంటకి మధ్య ఎడం ఉండేది. ఊరు పెరిగి ఇల్లు ఇల్లు ఆనుకున్నాక ఆ ఎడం పోయింది. బావికీ గుంటకీ మధ్య కనీసం 15 మీటర్లు ఉండాలంటారు, ఇసుక నేలలో ఇంకా ఎక్కువ ఉంటే మేలు. ఇప్పటి ఇరుకు సందుల్లో ఆ కొలత ఎన్ని ఇళ్లకి సరిపోతుందో మీరే చూసుకోండి.

ఇంకొకటి ఉప్పు. మంచినీటి పొర ఉప్పునీటి మీద తేలుతోందని చెప్పుకున్నాం కదా. సముద్ర మట్టానికి పైన ఒక మీటరు మంచినీరు నిలిస్తే, దాని కింద దాదాపు 40 మీటర్ల మందాన మంచినీరు ఉండగలదని లెక్క. తిరగేసి చూడండి. మోటార్లు పెట్టి తోడేసి పైన ఒక మీటరు తగ్గిస్తే, కింద ఉప్పునీరు 40 మీటర్లు పైకి రాగలదు. చేంతాడుతో తోడిన రోజుల్లో ఈ బెడద లేదు. ఇంటికో బోరు వచ్చాక ఉంది. ఒకసారి ఉప్పెక్కిన బావి మళ్లీ తీయనవ్వాలంటే ఏళ్లు పడుతుంది.

కాబట్టి ఊరు పెరిగితే అందరికీ కలిపి నీటి ఏర్పాటు, మురుగు ఏర్పాటు తప్పదు. ఆ మాటలో అధికారుల పొరపాటు లేదు. జనం స్తోమతు చూడకుండా, వాళ్ల మాట వినకుండా రుద్దడంలో ఉంది.

పైపు వచ్చింది, భయం పోయిందా?

పోలేదు. 2018 మార్చిలో గుంటూరులో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తూర్పు గుంటూరులో ఆనందపేట, ఆ చుట్టుపక్కల ఇళ్లలో వాంతులు, విరేచనాలతో జనం ఆసుపత్రికి పరుగెత్తారు. పది మందికి పైగా చనిపోయారు. తాగునీటి పైపులో మురుగు కలిసింది. వాళ్లు నమ్ముకున్నది పెరటి బావిని కాదు, కుళాయిని.

ఇదెలా జరుగుతుందంటే, నీళ్లు వదిలినప్పుడు పైపులో ఒత్తిడి ఉంటుంది, చిల్లి ఉంటే నీళ్లు బయటికి కారతాయి. నీళ్లు ఆపేశాక ఒత్తిడి పోతుంది. అప్పుడు అదే చిల్లిలోంచి చుట్టూ ఉన్న మురుగు లోపలికి వస్తుంది. మరుసటి రోజు మొదట వచ్చే బిందెలో ఉండేది అదే. పాత పైపు, పక్కనే మురుగు కాలువ, రోజుకి గంట సరఫరా, ఈ మూడూ కలిసిన చోట ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అలాంటి చోట్లు ఎక్కువగా ఎవరి వాడల్లో ఉంటాయో చెప్పనక్కర్లేదు.

దీనికి కాపలా క్లోరిన్. ట్యాంకులో కలిపితే సరిపోదు, చివరి ఇంటి కుళాయి దగ్గర కూడా లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలని మన దేశ ప్రమాణం. అది చూసే చిన్న కిట్ చౌకగానే దొరుకుతుంది, రెండు నిమిషాల పని. నీళ్లలో చుక్కలు వేస్తే రంగు మారుతుంది. రంగు రాకపోతే ఆ నీళ్లకి కాపలా లేదని అర్థం.

మనం అడగాల్సినవి

ఈరోజు చీరాల బాపట్ల జిల్లాలో ఉంది, మునిసిపాలిటీ ఉంది. ఇంటిపన్ను, నీటిపన్ను కడుతున్నాం. ఊరు వదిలి పోవాల్సిన అవసరం లేదు, మనకి ఓటు ఉంది, అడిగే హక్కు ఉంది. ఏ ఊరి వాళ్లమైనా ఈ నాలుగు అడగొచ్చు.

ఒకటి, మా వీధి చివరి కుళాయిలో క్లోరిన్ ఎప్పుడు చూశారు, ఎంత వచ్చింది? రెండు, మురుగు కాలువలో మునిగి వెళ్తున్న తాగునీటి పైపులు మా వార్డులో ఎక్కడెక్కడ ఉన్నాయి, ఎప్పుడు మారుస్తారు? మూడు, మేం కట్టిన నీటిపన్ను ఎంత, అందులో మా వార్డుకి ఖర్చు పెట్టింది ఎంత? నాలుగు, నీళ్లు మబ్బుగా వచ్చాయని ఫిర్యాదు చేస్తే ఎన్ని గంటల్లో వచ్చి చూస్తారు? నోటిమాటగా కాకుండా రాసి ఇవ్వండి, రసీదు తీసుకోండి. సమాచార హక్కు చట్టం ఉన్నది ఇందుకే.

జవాబు వచ్చేలోపు ఇంట్లో చేయగలిగింది చేద్దాం. నీళ్లు తెరలు తెరలుగా మరిగాక ఒక నిమిషం ఉంచి, చల్లార్చి, మూత పెట్టి తాగండి. బిందెలో చెయ్యి ముంచకుండా పొడుగు కాడ గరిటె వాడండి. డ్రమ్ములు వారానికి ఒకసారి పూర్తిగా ఖాళీ చేసి, గోడలు రుద్ది కడగండి. పిల్లలకి విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టి ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి.

1921లో చీరాల నేతగాళ్లు శుభ్రమైన నీళ్లు వద్దనలేదు. మా దగ్గర తీసుకునే రూపాయికి మమ్మల్ని అడగాలి, లెక్క చెప్పాలి అన్నారు. ఆ మాట చెప్పడానికి 11 నెలలు పాకల్లో గడిపారు. మనకి అంత కష్టం అక్కర్లేదు. వార్డు ఆఫీసు దాకా నడిస్తే చాలు.